ఒక్క ‘ట’ కోసం

అమ్మాయ్,

నీ కవరు అంది పది రోజులైంది. ఉప్పెన గురించి నువ్వు రాసి పంపిన 14 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మాత్రం మూడో పేజీ దగ్గర విసుగొచ్చి కాసేపు అవతల పడేశాను. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

‘సముద్రం లేచి నిలబడింది. మూడు తాటిచెట్ల ఎత్తున అల మా ఊరి మీద విరుచుకుపడుతోంది. గాలి ఈల వేస్తోంది. ఎటు చూసినా చీకటి.’ ఇదీ నువ్వు రాసింది. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న, శనివారం. నువ్వు పుట్టింది ఆ తర్వాత ఇరవయ్యేళ్ళకని ఉత్తరంలో నువ్వే రాశావు. మరి ఆ అలని ఎవరు చూశారమ్మా?

మీ అమ్మమ్మ చూసింది. నీకు చెప్పింది. నువ్వు విన్నదాన్ని చూసినట్టు రాసేశావు.

ఇలాంటి చోట వాడుకోమని మన భాష మనకో చిన్న అక్షరం ఇచ్చింది. ‘ట’. వచ్చాడట, పోయిందట. తెలంగాణలో అయితే ‘వచ్చిండంట’. నేను చూళ్ళేదు, ఒకరు చెప్పగా విన్నాను అనే సంగతంతా ఆ ఒక్క అక్షరమే మోస్తుంది. నీ 14 పేజీల్లో అది ఒక్కసారి కూడా లేదు. పెన్సిలు పట్టుకుని మరీ వెతికాను.

అది లేకపోవడం వల్ల నీకు ఎంత నష్టమో చూడు. ‘మూడు తాటిచెట్ల ఎత్తు’ అని నీ గొంతుతో చెబితే నాలాంటి ముసలాడు వెంటనే లెక్కకి దిగుతాడు. ఆ ఉప్పెన ఎత్తు అయిదారు మీటర్లని రికార్డులు చెబుతున్నాయి. బాగా ఎదిగిన తాటిచెట్టులో సగం కూడా ఉండదు. నువ్వు కోతలు కోస్తున్నావని పుస్తకం మూసేస్తాడు. అదే ‘మూడు తాటిచెట్లంత అలట’ అన్నావనుకో, అది మీ అమ్మమ్మ భయం కొలత అవుతుంది. దానికి మీటరు బద్ద పట్టుకుని ఎవరూ రారు. చనిపోయినవాళ్ళ లెక్కా అంతే. సర్కారు లెక్క 10,000 దాకా. ఆ ఊళ్ళలో ఎవర్నడిగినా అంతకంటే చాలా ఎక్కువే చెబుతారు. రెండూ రాయి. ఏ లెక్క ఎవరి నోటి నించి వచ్చిందో తెలిస్తే చాలు.

నాకీ పిచ్చి ఊరికే పట్టలేదు. 1981లో మా నాన్న గురించి ఓ వారపత్రికకి రాసి పంపాను. కుర్రతనంలో పని వెతుక్కుంటూ కైకలూరు నించి బెజవాడ దాకా ఆయన నడిచి వచ్చిన కథ. మా అమ్మ చెప్పగా చిన్నప్పటి నించీ వింటున్నదే. ‘నడిచాడట, మధ్యలో ఒక చెరువు గట్టున పడుకున్నాడట’ అనే రాశాను. అచ్చులో చూసుకుంటే ఒక్క ట లేదు. ఆఫీసుకి వెళ్ళి అడిగితే, ఎడిటరు గారు ఎర్రసిరా పూసిన నా రాతప్రతి చూపించి, ‘ఇవన్నీ పుకారు మాటలయ్యా, పాఠకుడికి అనుమానం రాకూడదు’ అన్నారు. పైగా నాకు మేలు చేశానన్నట్టు నవ్వొకటి. నలభై ఏళ్ళు దాటింది, ఆ నవ్వు ఇంకా గుర్తుంది.

అసలు కథ ఆ తర్వాత. ఆ పత్రిక మా నాన్నకి చదివి వినిపించాను. అంతా విని, అటూ ఇటూ చూసి, అమ్మ వంటింట్లో ఉందని తేల్చుకున్నాక, ‘నేనెక్కడ నడిచాన్రా? గుడివాడ దాకా వడ్ల బండి మీదొచ్చా. అక్కణ్ణించి రైలు. టిక్కెట్టు లేదు. ఆ మాట చెప్పుకోడం నామోషీ అయి మీ అమ్మతో నడిచొచ్చానని చెప్పా’ అన్నాడు.

నా పేరు కింద అబద్ధం అచ్చయింది. ఆ ట గనక ఉండి ఉంటే నా వ్యాసంలో ఒక్క అక్షరం తప్పయ్యేది కాదు. ఆయన నడిచాడట. అవును, అమ్మ అలాగే విన్నది, నేను అమ్మ దగ్గర అలాగే విన్నాను. మా నాన్న నామోషీ, దాన్ని నమ్మి నలభై ఏళ్ళు గర్వంగా చెప్పుకున్న మా అమ్మ, ఇద్దరికీ ఆ అక్షరంలో చోటుండేది.

ప్రతి వాక్యం చివరా తగిలించమనడం లేదు. టకటకమని చెవులు నొప్పెడతాయి. ఏడు చేపల కథ ఎవరైనా ముసలమ్మ చెబుతుంటే కాస్త చెవి పెట్టి విను. రాజుగారికి ఏడుగురు కొడుకులట, వేటకి వెళ్ళారట అని గుమ్మం దగ్గర రెండు మూడు ట-లు వేస్తుంది. ఇక లోపలికొచ్చాక చేప మాట్లాడుతుంది, గడ్డిమోపు మాట్లాడుతుంది, ట ఉండదు. మనం ఊ కొడుతూనే ఉంటాం. ఒక్కసారి గుమ్మం చూపిస్తే చాలు, తర్వాత ఎంత దూరమైనా తీసుకెళ్ళొచ్చు. నువ్వు గుమ్మం లేకుండా గోడ దూకించావు.

ఇప్పుడొక ఫ్యాషను నడుస్తోంది. సొంత కథంటే చాలు, ‘గాలి వీస్తోంది, నేను నిలబడి ఉన్నాను’ అంటూ సినిమా స్క్రిప్టులా అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు రాయడం. వర్క్‌షాపులు పెట్టేవాళ్ళు ‘చెప్పకు, చూపించు’ అని నేర్పుతున్నారట. (చూశావా, నేను వెళ్ళలేదు కాబట్టి ట వేశాను.) మన ఇళ్ళలో కథ చెప్పమంటారు గానీ కథ చూపించమని ఎవరన్నా అన్నారా? చిలకమర్తి వారు చూపు పోయాక తన స్వీయచరిత్రని నోటితో చెప్పి రాయించారు. చెప్పడం తక్కువ పనేమీ కాదు.

సరే, రెండోసారి ఎందుకు చదివానో చెప్పాలి. ఏడో పేజీలో, అడుగున, నువ్వు పట్టించుకోకుండా దాటేసిన ఒక ముక్క ఉంది. ఉప్పెన మాట ఎత్తితే మీ అమ్మమ్మ ప్రతిసారీ ‘పొద్దున్నే అట్లకి బియ్యం నానబోశానే’ అని మొదలుపెడుతుందని రాశావు. రాసి, వెంటనే ‘వృద్ధాప్యం వల్ల ఆమె జ్ఞాపకాలు చెదిరిపోయాయి’ అని నీ తీర్పు ఒకటి చెప్పి, మళ్ళీ ఆ అల దగ్గరికి పరిగెత్తావు.

చెదిరిపోలేదమ్మాయ్. ఆమె కథ ఎక్కడ మొదలవుతుందో ఆమెకి తెలుసు. ఆ సాయంత్రం రుబ్బుదామనుకున్న బియ్యం అవి. ఇల్లు పోయింది, మనుషులు పోయారు. వాళ్ళ గురించి మాట్లాడలేక ఆవిడ బియ్యం గురించి మాట్లాడుతోందేమో, నాకు తెలీదు. నువ్వు పక్కన కూచుంటే తెలుస్తుంది.

ఉప్పెన తర్వాత వారానికి పులిహోర పొట్లాల లారీలో నేనూ నాగాయలంక దాకా వెళ్ళాను. చూసింది ఇప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదు. ఎందుకన్నది ఇంకెప్పుడైనా.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, ఎన్ని పదాలుండాలి అని అడిగావు. పత్రికల సంగతి నన్నడక్కు, నోరు చెడుతుంది. పేరు అమ్మానాన్నలు పెట్టిందే బాగుంది.

సంక్రాంతికి అవనిగడ్డ వెళ్తానన్నావుగా. ఫోనులో రికార్డు చెయ్యకుండా మీ అమ్మమ్మని ఊరికే అడుగు. ఆ బియ్యం ఏ గిన్నెలో నానబోసింది, ఎన్ని సోలలు, ఆ పూట ఇంట్లో అట్లు తినేవాళ్ళు ఎంతమంది. మధ్యలో ఊ కొట్టడం మర్చిపోకు, కొట్టకపోతే ఆపేస్తారు పెద్దవాళ్ళు. రాశాక ముందు ఆవిడకే చదివి వినిపించు. ఎక్కడ ఊ కొట్టడం మానేసిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకో.

నీ కాగితాలు విడిగా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఏడో పేజీ మీద కాఫీ మరక నాదే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు