పాత ఇత్తడి గిన్నెకు కళాయి వేయించిన తరువాత

గుంటూరు నుంచి ఉద్యోగరీత్యా విజయవాడకు వచ్చి రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నానని, చేతితో చేసిన వస్తువులన్నా పాత సామాన్లన్నా చిన్ననాటి నుంచి ప్రాణమని, అయితే ఎంతో ముచ్చటపడి కొన్నవి నాలుగు రోజులకే అలమరలోకి చేరిపోతున్నాయని, వీటిని నిజంగా అనుభవించడం ఎలాగో అనుభవమున్నవారు చెప్పాలని మీరు అడిగారు. నేను ఇదే విజయవాడలో, సత్యనారాయణపురంలో 22 ఏళ్ళుగా కాపురం ఉంటున్నాను. మీ ఇష్టమే నాది కూడా. మీరు చెప్పిన అలమర మా ఇంట్లోనూ చాలాకాలం ఉండేది. అది ఖాళీ అయిన తీరు చెబితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని రాస్తున్నాను. డబ్బు ఇచ్చి ఇంటికి తెచ్చినంత మాత్రాన పాత వస్తువు మనది కాదు, దాన్ని బాగుచేసుకుని మళ్ళీ వాడుకలో పెట్టిన రోజున మనదవుతుంది అన్నది నా నమ్మకం.

పన్నెండేళ్ళ కిందట వన్‌టౌన్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో మూడు కిలోల పైచిలుకు బరువున్న ఇత్తడి గిన్నె ఒకటి కనిపించింది. అలాంటి కొట్లలో ఇత్తడిని తూకానికి అమ్ముతారు, పనితనానికి వేరే వెల కట్టరు. గిన్నె అంచు కింద చిన్న చిన్న చుక్కలుగా కొట్టించిన అక్షరాలున్నాయి. ఒక ఇంటిపేరు మొదటి అక్షరం, ఒక ఆడపిల్ల పేరు, 1958 అనే సంవత్సరం. వెనకటికి పెళ్ళికి సారె సామాను పెట్టేటప్పుడు పేర్లు కొట్టించి ఇచ్చేవారు. ఎవరో తండ్రి తన కూతురికి ఇచ్చిన గిన్నె అది. దాన్ని ఇంటికి తెచ్చి, చింతపండుతో తోమి, బంగారంలా మెరిసిపోతుంటే ముందుగదిలో బల్ల మీద పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి దాని వైపు చూడటం మానేశాను.

ఒక ఆదివారం అందులో వంట చేయాలనిపించి ముక్కల పులుసు పెట్టాను. దించేసరికి పులుసుకు ఒక విధమైన లోహపు చేదు వచ్చింది, రంగు కూడా తేడాగా ఉంది. మా అత్తగారు గిన్నెలోకి తొంగిచూసి, "కళాయి పోయిన గిన్నెలో పులుపు వండుతారటమ్మా!" అని పులుసంతా పారబోయించారు. ఇత్తడి అంటే రాగి, యశదం కలిసిన లోహం. చింతపండు, మజ్జిగ, నిమ్మరసం వంటి పులుపు తగిలితే ఆ లోహాలు కరిగి వంటలోకి దిగుతాయి, పదార్థం కిలుమెక్కుతుంది. అందుకే లోపలివైపు తగరపు పూత వేయించేవారు. దాన్నే కళాయి అంటాం. ఆ సంగతి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, పులుసు పారబోసిన రోజున గాని నా మనసుకు ఎక్కలేదు.

ఆ తరువాత కళాయి వేసే ఆయన మా వీధిలోకి వచ్చినప్పుడు గిన్నె పట్టుకుని వెళ్ళి, పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన నేలలో చిన్న గుంట తీసి, బొగ్గులు పేర్చి, చేత్తో తిప్పే గాలిమర కింద పెట్టి నిప్పు రాజేశాడు. ముందుగా గిన్నె లోపలంతా ఇసుకతో, గుడ్డతో రుద్ది మకిలి వదిలించాడు. గిన్నె బాగా వేడెక్కిన తరువాత నవసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచింది, దాని ఘాటుకు నా కళ్ళు మండాయి. లోహం మీద మిగిలిన మురికిని ఆ పొడి విడగొడుతుంది, అది లేకపోతే తగరం అంటుకోదు. అప్పుడు ఆయన తగరపు కడ్డీని గిన్నె అడుగున ఒక్కసారి ఆనించి తీశాడు. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఆనించినంతలోనే చుక్కలు చుక్కలుగా జారింది. వెంటనే దూది ఉండతో సుడులు తిప్పుతూ తుడిచాడు. పసుపుపచ్చగా ఉన్న లోపలి భాగం ఆ దూది వెళ్ళిన దారి వెంటే వెండిలా తెల్లబడటం చూశాను. మొత్తం పని పది నిమిషాలు పట్టి ఉంటుంది. గిన్నెను నీళ్ళలో ముంచి నా చేతికిచ్చి, ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టవద్దని, ఇనుప అట్లకాడతో గీకవద్దని, పీచు గట్టిగా వాడవద్దని చెప్పాడు. అన్నం, పప్పు, పరమాన్నం అందులో వండుతూ, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి మళ్ళీ కళాయి వేయిస్తూ వస్తున్నాను. బల్ల మీద ఉన్నప్పుడు నెల రోజుల్లో విసుగెత్తిన గిన్నె పొయ్యి మీదికి ఎక్కాక ఇన్నేళ్ళయినా విసుగు పుట్టించలేదు.

మీరు పాత సామాను కొనబోయేటప్పుడు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. కంచు, ఇత్తడి చూపుకు దగ్గరగా ఉన్నా గోటితో మీటితే తేడా తెలిసిపోతుంది. కంచు చాలాసేపు గంటలా మోగుతుంది, ఇత్తడి మోత త్వరగా ఆగిపోతుంది. కంచు కింద పడితే పగులుతుంది కాబట్టి సన్నని చీలిక ఉన్నదేమో చూసుకోవాలి. చీలిక ఉంటే మోత బొంగురుపోతుంది. ఊరగాయ జాడీలకూ ఇదే పరీక్ష. జాడీ నిండా నీళ్ళు పోసి పాత కాగితం మీద రాత్రంతా ఉంచితే, తెల్లవారేసరికి ఊట ఉన్నదీ లేనిదీ కాగితం చెప్పేస్తుంది. లోపలి మెరుగు పగిలిన జాడీలో మాత్రం ఊరగాయ పెట్టకండి, అటువంటిది మొక్కలు పెంచుకోవడానికి పనికొస్తుంది. మంచి జాడీ దొరికితే ఎండాకాలంలో ఒక్క పాతిక కాయలతోనైనా ఆవకాయ పెట్టి చూడండి. మీ గుంటూరు కారం ఉండనే ఉంది. మూతికి తెల్లటి గుడ్డతో వాసెన కట్టి, మూడో నాడు విప్పి తిరగకలిపేటప్పుడు ఆవఘాటు, నువ్వుల నూనె వాసన కలిసి ఇల్లంతా నిండుతుంది. రెండు గదుల ఇల్లయితే మరీ బాగా నిండుతుంది.

చేతిపనుల విషయంలో, కొనడానికి ముందు ఆ పని జరిగే చోటికి ఒకసారి వెళ్ళిరావడం మంచిదని నా అభిప్రాయం. కొండపల్లి మనకు 20 కిలోమీటర్ల దూరం, సిటీ బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, సన్నని సెగ మీద తేమ లాగేసి, ఏనుగు తొండం వేరుగా, కాళ్ళు వేరుగా, అంబారీ వేరుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కుతో వాటిని అతికించి, ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసిన తరువాత గాని రంగు వేయరు. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. మా ఇంట సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే అలవాటు ఉంది. ఒక ఏడు మా అమ్మమ్మ దాచిన తాటిచెట్టు బొమ్మకు దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకు ఎర్రరంగు అంటింది, కల్లుగీసే మనిషి తలపాగా మీద సుద్ద బయటపడింది. ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఆ పాత బొమ్మలను పొడి కుంచెతో మాత్రమే దులపాలి. ఆ తలపాగాకు నేను మళ్ళీ రంగు వేయించలేదు. ఏటా కొలువులో అలాగే నిలబెడుతున్నాను, అది చూసే మా అమ్మాయి పొడి కుంచె పట్టడం నేర్చుకుంది.

బందరు దగ్గర పెడనలో కలంకారీ అద్దకం చూశాక నాకు చీర చూసే తీరే మారిపోయింది. టేకు అచ్చును చేత్తో పట్టి అద్దుకుంటూ పోతారు కాబట్టి, ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. బజారులో కలంకారీ అని చూపిస్తే ఇప్పుడు ఆ అతుకు కోసమే వెతుకుతాను.

మీరు సొంతంగా ఏదైనా చేయాలనుకుంటే బొంతతో మొదలుపెట్టండి. దానికి ఖర్చు దాదాపుగా లేదు, కుట్టు మిషను కూడా అక్కరలేదు. మీ అమ్మగారి దగ్గరా అమ్మమ్మగారి దగ్గరా వెలిసిపోయిన నేత చీరలు అడిగి తెచ్చుకోండి. మంగళగిరి నూలు చీర ఇరవై ఏళ్ళు ఉతికిన తరువాత ఎంత మెత్తబడుతుందో మీకు తెలిసే ఉంటుంది. నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా నేల మీద సాపు చేసి, ముందు చుట్టూ దూరదూరంగా టాకాలు వేసి, ఆ తరువాత ఒక అంచు నుంచి వరుసలు కుట్టుకుంటూ రావాలి. చిరిగిన చీరను లోపలికి పెట్టి, మంగళగిరి చీరలకు పేరుపడ్డ నిజాం అంచు ఉన్నదాన్ని పైకి పెట్టాలి. నేను రాత్రి భోజనాలయ్యాక రోజుకు రెండు వరుసల చొప్పున కుట్టి మూడు నెలల్లో ఒకటి పూర్తి చేశాను. నా మొదటి బొంతలో కుట్లు ఒక మూల నుంచి మరో మూలకు ఒరిగిపోయాయి, అయినా చలికాలంలో మా పిల్లలు పోటీపడి కప్పుకునేది దాన్నే.

పాత పుస్తకాల కోసం ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటరు ఉండనే ఉంది. వెళ్ళడానికి కారణం కూడా అక్కరలేదు. తెచ్చిన పుస్తకాన్ని ఎండలో కాక నీడలో ఆరబెట్టి, ఎండిన వేపాకు పెట్టి, ఆ వారంలోనే చదవడం మొదలుపెట్టండి.

ఇల్లు చిన్నది కాబట్టి నేను పాటించే కట్టడి ఒకటి మీకూ పనికిరావచ్చు. ఏ రోజు, ఏ పనికి వాడతానో కొట్టులో నిలబడే చెప్పుకోగలిగితే కొంటాను, లేకపోతే చేత్తో పట్టుకుని చూసి తిరిగి పెట్టేస్తాను. మీ అలమరలో ఉన్నవాటిని కూడా ఒక్కొక్కటే ఈ లెక్కన బయటికి తీయండి. పని దొరకనివాటిని, వాడుకునే చుట్టాలకో స్నేహితులకో ఇచ్చేయండి.

మొన్న సంక్రాంతికి కూడా పరమాన్నం ఆ ఇత్తడి గిన్నెలోనే వండాను. తోమేటప్పుడు అంచు కింద ఆ చుక్కల అక్షరాలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. 1958లో ఆ పేరు కొట్టించుకుని అత్తవారింటికి వెళ్ళిన ఆవిడ మొట్టమొదట అందులో ఏమి వండి ఉంటుందో అని అనుకుంటూ, ఆ ఒక్క చోట మాత్రం చింతపండుతో మరికొంచెంసేపు రుద్దుతాను.