ఆరు ముద్దులున్నా రొమాన్స్ లేదన్నారు

ప్రేమకథలు, నవలలు రాస్తున్న పాఠకులు పంపిన సందేహాలకు జవాబులు

ప్రశ్న: నా నవల 14 అధ్యాయాలు. "రొమాన్స్ లేదు" అని ఎడిటర్ తిప్పి పంపారు. అందులో ఆరు ముద్దు సన్నివేశాలున్నాయి. పుట్టినరోజుకి హీరో వజ్రపుటుంగరం కూడా ఇస్తాడు. ఇంతకీ రాసేవాళ్ల లెక్కలో రొమాన్స్ అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ఒక మనిషి ఇంకో మనిషిని పట్టించుకోవడం, ఆ పట్టింపు కోసం తనదంటూ ఏదో ఒకటి ఖర్చుపెట్టుకోవడం. నిద్ర కావచ్చు, పంతం కావచ్చు, నలుగురిలో పరువు కావచ్చు. ఇది జరిగాక వచ్చే ముద్దుకి బరువుంటుంది. మీ ఉంగరం సన్నివేశానికి ఒక పరీక్ష పెట్టండి. హీరోయిన్ పేరు కొట్టేసి, ఇంకో నవలలోని అమ్మాయి పేరు రాయండి. సన్నివేశం ఎక్కడా తడబడకుండా నడిచిపోయిందా? అయితే అందులో ఉన్నది ఉంగరం ఖరీదు ఒక్కటే.

మీ కథానాయిక ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుందనీ, అతను సబ్‌స్టేషన్‌లో నైట్ డ్యూటీ చేస్తాడనీ రాశారు. కావలసిన సరుకంతా అక్కడే ఉంది. మిషన్ కుట్టు పైకి కనిపిస్తుందని చాలామంది ఫాల్‌ని చేత్తోనే కుట్టించుకుంటారు. చీర రంగు మారిన ప్రతిసారీ దారం మార్చాలి, మళ్లీ సూదిలోకి ఎక్కించాలి. పొద్దుగూకాక ఆమెకి సూది బెజ్జం కనబడదు. అతను డ్యూటీకి వెళ్లబోతూ అయిదు సూదుల్లో అయిదు రంగుల దారాలు ఎక్కించి, గోడ క్యాలెండర్ అంచుకి గుచ్చి వెళ్తాడు. చీరల దొంతర ఏ వరసలో ఉందో సూదులూ అదే వరసలో. ఆమె నాలుగు చీరలు ముగిస్తుంది. అయిదో సూదిలో వంకాయరంగు దారం. దొంతరలో ఆ రంగు చీర లేదు. అటూ ఇటూ వెతికి, తాను కట్టుకున్న చీర వంక చూసుకుంటుంది. కుచ్చిళ్ల దగ్గర ఫాల్ ఊడి నెల రోజులైంది.

అక్కడ ఆపేయండి. "అతని ప్రేమకు ఆమె కళ్లు చెమర్చాయి" అని ఒక్క వాక్యం కలిపినా, పాఠకురాలు తనంతట తాను పట్టుకున్నదాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నట్టే. తిరిగొచ్చే రాతప్రతుల్లో ఎక్కువ చెడేది ఈ ఒక్క వాక్యం దగ్గరే.

14 అధ్యాయాలకి ఇలాంటివి నాలుగు చాలు. వాటిలో రెండయినా ఆమె అతని కోసం చేసేవి కావాలి, లేకపోతే అది ఒకవైపు సేవ అయిపోతుంది. ఆరు ముద్దుల్లో నాలుగు తీసేయండి.

ప్రశ్న: ఆఫీసులో పరిచయమైన ఇద్దరు "మీరు" లోంచి "నువ్వు" లోకి ఎప్పుడు రావాలి? ఎక్కడ మార్చినా అతికించినట్టుంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మంచి ప్రశ్న. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి ఈ సౌకర్యం లేదు. మన దగ్గర మనసు ఎంత దగ్గరైందో క్రియ చివర తెలిసిపోతుంది: "వచ్చారా", "వచ్చావా". అతికించినట్టు ఉంటోందంటే, మధ్య మెట్టు ఒకటి మీరు దాటేశారన్నమాట.

"మీరు" అనడానికి మనసొప్పక, "నువ్వు" అనడానికి ధైర్యం చాలక మనవాళ్లు కొన్నాళ్లు రెండూ తప్పించుకుని మాట్లాడతారు. "తిన్నారా" అనరు, "తిన్నావా" అనరు, "భోజనం అయిందా" అంటారు. "ఎప్పుడొస్తారు" అనడానికి బదులు "రావడం ఎప్పుడు" అంటారు. "ఇది మీదేనా" అని అడగాల్సిన చోట గొడుగు పైకెత్తి చూపించి ఊరుకుంటారు. ఈ తప్పించుకునే మాటల్లో ఉన్నంత తీపి తర్వాత వచ్చే ప్రేమ ప్రకటనలో ఉండదు. రెండు మూడు సన్నివేశాలు ఇలాగే నడపండి. రాయడం కష్టం. ప్రతి సంభాషణనీ పైకి చదివి, ఎక్కడ "రు", "వు" జారిపడ్డాయో చూసుకోవాలి.

ఆ తర్వాత మార్పుని కంగారులో రానివ్వండి. వానకి తడిసిన మెట్ల మీద ఆమె కాలు జారబోతే "చూసుకో!" అని అతని నోట వచ్చేస్తుంది. ఆమె అది గమనించిందని మీరు చెప్పొద్దు. మరో అరపేజీ తర్వాత ఆమె "నువ్వెళ్లు, నేనొస్తా" అంటే చాలు. మర్నాడు పదిమంది ముందు ఇద్దరూ మళ్లీ "మీరు" అనుకుంటారు. నిన్నటిదాకా మర్యాదగా ఉన్న ఆ "మీరు" ఇవాళ ఇద్దరికే తెలిసిన గుట్టు.

బావామరదళ్ల కథ అయితే దీన్ని తిరగేయండి. చిన్నప్పటి నుంచీ "నువ్వు" అని పోట్లాడుకున్న పిల్ల, సంబంధం ఖాయమైన రోజు నుంచి ఆ మాట నోట పలకలేకపోతుంది. కోస్తా ఇళ్లలో "ఏవండీ" అనే భార్యలు ఇప్పటికీ ఎందరో ఉన్నారు కాబట్టి "మీరు" అన్నంత మాత్రాన దూరమని రాయకండి. తెలంగాణలో చాలా ఊళ్లలో "నువ్వు" చాలా ముందే వచ్చేస్తుంది. అక్కడి కథలో దాన్ని మలుపుగా వాడితే తేలిపోతుంది.

ప్రశ్న: 12 వారాల సీరియల్ రాస్తున్నాను. హీరో ఇంకో అమ్మాయితో మాట్లాడటం చూసి హీరోయిన్ దూరమవుతుంది. అయిదో వారానికే కథ చల్లబడింది.
– ఒక పాఠకురాలు, రాజంపేట

జవాబు: ఒక్క ఫోన్‌తో తీరిపోయే అపార్థం రెండు వారాలకి మించి కథని మోయలేదు. మూడో వారం నుంచి "అడిగేస్తే పోలా" అనిపిస్తుంది.

మన ఆలంకారికులు విప్రలంభ శృంగారాన్ని, అంటే ఎడబాటుని, పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగుగా విడదీశారు. కలవకముందు తపన, అలక, దూరదేశం, మృత్యువు తెచ్చే ఎడబాటు. మీరు ఎంచుకున్నది అలక. దానికి ఆయుష్షు తక్కువ. లోపల నిజమైన దెబ్బ తగిలితేనే నిలుస్తుంది. నంది తిమ్మన కావ్యంలో సత్యభామ అలిగింది ఒక పువ్వు కోసం. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. అక్కడ అపార్థమేమీ లేదు, పువ్వు రుక్మిణికి ఇవ్వడం నిజం. అందుకే బతిమాలడంతో సరిపోలేదు, స్వర్గం నుంచి చెట్టునే తేవాల్సి వచ్చింది.

మీకు ప్రవాసం గుమ్మం ముందే ఉంది. మీ ప్రాంతం నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎందరో. మీ హీరోనీ అక్కడికి పంపండి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆమె పిల్లల్ని నిద్రపుచ్చి రాత్రి 10కి ఫోన్ తీస్తే అక్కడ ఏడున్నర, అతను ఇంకా పనిలో ఉంటాడు. అతను 11కి గదికి చేరితే ఇక్కడ ఒకటిన్నర. అతని సెలవు శుక్రవారం, ఆమెకి ఆదివారం. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. అయినా రోజూ ఎవరో ఒకరు నిద్ర పోగొట్టుకోవాలి.

ముందు కాగితం మధ్య గీత గీసి, ఒకవైపు ఆమె వదులుకోలేనిది, రెండోవైపు అతను వదులుకోలేనిది ఒక్కో వాక్యంలో రాయండి. రెండూ చదివితే ఇద్దరి మీదా జాలి కలగాలి. ఒకరి మీదే కోపం వస్తే ఆ వాక్యం మార్చండి. తర్వాత ఖర్చు పెంచుతూ పోవాలి. మూడో వారానికి నిద్ర, ఆరో వారానికి డబ్బు, తొమ్మిదో వారానికి అయినవాళ్ల మాట పోవాలి. చివరి మూడు వారాలు తిరిగి పొందడానికి.

ప్రశ్న: "వద్దు" అన్నా వినకుండా హీరో రోజూ బస్టాప్‌లో వెంటపడి చివరికి గెలుచుకునే కథలే ఎక్కువమంది చదువుతున్నారు. రాస్తే తప్పా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తప్పే. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే అయిదేళ్ల వరకు జైలు. మీ కథ చదివే పదహారేళ్ల పిల్లాడు దాన్ని పద్ధతిగా నేర్చుకుంటాడు, బస్టాప్‌లో నిలబడే పిల్ల దాని ఫలితం అనుభవిస్తుంది. చెంపదెబ్బని ప్రేమగా చూపే సన్నివేశాలకీ ఇదే జవాబు.

కథగా చూసినా అది బలహీనమే. ఆమె అలసిపోయి ఒప్పుకుంటే అందులో ఎంపిక ఏముంది? ఇలా మార్చి చూడండి. ఆమె వద్దంటుంది. మర్నాటి నుంచి అతను 8:10 బస్సు మానేసి 7:30 బస్సు ఎక్కుతాడు, ఆమెకి ఇబ్బంది కలగకూడదని. అందుకోసం 40 నిమిషాల నిద్ర వదులుకున్నాడు. ఎందుకో చెప్పడు. కండక్టర్ నోట ఆమెకి తెలుస్తుంది. ఇక కథ ఆమె చేతిలో ఉంది. ఏదో ఒక ఉదయం 7:20కే ఆమె స్టాప్‌లో ఉంటే, ఆ అడుగు ఆమె సొంతం.

ప్రశ్న: స్పర్శ వచ్చినప్పుడల్లా "గుండె వేగంగా కొట్టుకుంది" అనే రాస్తున్నాను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎనిమిది సాత్త్విక భావాలు ఒకసారి తిరగేయండి: కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు బొంగురుపోవడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, సొమ్మసిల్లడం. అన్నీ శరీరం మన అనుమతి లేకుండా చేసేవే. సన్నివేశానికి ఒకటి తీసుకుని, చేస్తున్న పనిలోకి దింపండి. ఆమె చిల్లర లెక్కపెట్టి ఇస్తూ 47 దగ్గర అంకె మర్చిపోయిందంటే చాలు.

ప్రశ్న: పెళ్లితో ముగిస్తే పాతబడిపోతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పాతబడేది పెళ్లి కాదు, "మంగళవాద్యాల మధ్య మూడు ముళ్లూ పడ్డాయి" అనే వాక్యం. అందరూ తాళి దగ్గరికి పరిగెడతారు. సుముహూర్తం జీలకర్ర బెల్లం దగ్గర. ఇద్దరి మధ్యా అడ్డుతెర, అటువైపు మనిషి కనబడడు. తమలపాకులో ముద్దని ఒకరి తల మీద ఒకరు ఉంచి నొక్కిపట్టాలి. చెయ్యి పైనే ఉంటుంది, బెల్లం పాకం వేళ్ల సందుల్లోంచి జుట్టులోకి దిగుతుంది, అప్పుడు తెర జారుతుంది. మీ కథానాయకుడు ఆ చేతిని బరువు పడకుండా పట్టుకున్నాడా? పూలజడ కదిలితే ఆమెకి నొప్పి అని అతనికి ముందే తెలుసా? అది రాయండి. లేదంటే మూడో రోజుకి దూకండి. ఎంత తలంటుకున్నా జుట్టులో ఒకటో రెండో జీలకర్ర గింజలు మిగులుతాయి. ఆమె కాఫీ కలుపుతుంటే అతను వెనక నిలబడి ఒకటి తీసి, స్టవ్ పక్క గట్టు మీద పెట్టి వెళ్తాడు. ఆమె వెనక్కి తిరగదు, అలాగే తల కాస్త వంచి ఉంచుతుంది.