ఈప్ర్, నూవ్ షపెల్: ఒక్క రోజులో అవుతాయా?

బ్రస్సెల్స్‌లో పొద్దున బయల్దేరి, మీ ముత్తాతగారి పేరు కోసం మొదటి ప్రపంచ యుద్ధ స్మారకాలున్న ఈప్ర్ (బెల్జియం), నూవ్ షపెల్ రెండూ చూసి రాత్రికల్లా తిరిగి వచ్చేయొచ్చా అని అడిగారు కదా. వద్దండీ, ఒక రాత్రి ఈప్ర్‌లో ఉండండి.

ఈప్ర్‌లో మెనిన్ గేట్ అనే స్మారక ద్వారం దగ్గర లాస్ట్ పోస్ట్ (చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం బ్యూగిల్ ఊదే కార్యక్రమం) రోజూ రాత్రి 8కి, 1928 నుంచీ నడుస్తోంది, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఉన్నప్పుడు మాత్రం ఆగింది. అది వదిలేసి రైలుకి పరిగెత్తితే అంత దూరం వెళ్లి ఏం లాభం? ముందు వరుస కావాలంటే ఏడింటికే నిలబడాలి. 54 వేలకు పైగా పేర్లు గోడల నిండా, మనవాళ్లవీ ఉన్నాయి.

ఇంకోటి, స్టేషన్ బోర్డు మీద ఈప్ర్ అని వెతక్కండి, డచ్‌లో ఈపర్ అని ఉంటుంది. నేను అలాగే వెతుకుతూ ఒక రైలు మిస్సయ్యాను! పోపరింగె వెళ్లే రైలు ఎక్కితే దారిలో వస్తుంది.

నూవ్ షపెల్ ఫ్రాన్స్‌లో, పొలాల మధ్య. బస్సుల్ని నమ్ముకోకుండా మర్నాడు కారు తీసుకోండి. అక్కడి భారత స్మారకంలో గుండ్రటి గోడ మీద 4,700కి పైగా భారత సైనికుల, కార్మికుల పేర్లున్నాయి, స్తంభానికి అటూ ఇటూ రెండు రాతి పులులు. మీ ముత్తాతగారి పేరు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ఈ స్మారకాలు చూసుకునే సంస్థ) సైట్‌లో ముందే వెతికి, పేరు గోడ మీద ఏ పలక మీద ఉందో చెప్పే ప్యానెల్ నంబరు రాసుకోండి, స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి.