ఫీజు 9 లక్షలు సరే, మిగతా పదిన్నర లక్షల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 26. బీకాం చదివాను. మూడేళ్లుగా విశాఖలో ఓ కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ పని చేస్తున్నాను. ఎక్కువగా రొయ్యల ఎగుమతి కంటైనర్లే చూస్తాను. జీతం చేతికి 24,000 వస్తుంది. ఇంట్లో 10,000 ఇచ్చి, నా ఖర్చులు పోగా 8,000 మిగులుతుంది. ఎఫ్‌డీ 1.80 లక్షలు ఉంది. వేరే రాష్ట్రంలోని ఓ ప్రైవేటు సంస్థ లాజిస్టిక్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ సీటు ఇస్తానంటోంది. రెండేళ్ల ఫీజు 9 లక్షలు, హాస్టల్, ల్యాప్‌టాప్, ప్రయాణాలు కలిపి ఇంకో 2.60 లక్షలు. సీటు ఖాయం కావాలంటే ఆదివారంలోగా 50,000 కట్టమంటున్నారు. నాన్న రిటైరయ్యారు. తగరపువలస దగ్గర అమ్మ పేరున ఉన్న 120 గజాల స్థలం అమ్మేద్దాం అంటున్నారు. చెల్లి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఉద్యోగం మానకుండా 1.75 లక్షల్లో ఆన్‌లైన్ ఎంబీఏ చేసే వీలు కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, గాజువాక

సమాధానం: ముందు ఆదివారం సంగతి చెబుతాను. ఆ 50,000 కట్టకండి. ఎంబీఏ వద్దని కాదు. మీరున్న రంగంలో పైకి రావాలంటే ఏదో ఒక చదువు తోడు కావాల్సిందే. కానీ ఈ సంస్థలో, ఈ ధరకు, స్థలం అమ్మి చదవడం మీకు కలిసిరాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. కాగితం, పెన్ను తీసుకుని మీరూ నాతోపాటే వేయండి.

ఫీజు 9 లక్షలు, హాస్టల్ వగైరా 2.60 లక్షలు. ఇంతవరకూ అందరూ లెక్కేస్తారు. మీరు ఉద్యోగం మానేస్తారు కాబట్టి నెలకు 24,000 చొప్పున రెండేళ్లకు 5.76 లక్షల జీతం పోతుంది. అది కూడా మీరు పెట్టే ఖర్చే. ఇవన్నీ కలిపితే 17.36 లక్షలు. ఇక వడ్డీ. స్థలం అమ్మకుండా ఫీజు మొత్తానికీ విద్యా రుణం తీసుకున్నారనుకుందాం. బ్యాంకు ఒకేసారి ఇవ్వదు, సెమిస్టర్‌కు 2.25 లక్షల చొప్పున నాలుగు విడతల్లో కాలేజీకే పంపుతుంది. వడ్డీ 10.5 శాతం అనుకుంటే, చదివే రెండేళ్లు, ఆ తర్వాత ఇచ్చే ఏడాది గడువు కలిపి బారువడ్డీయే 2.13 లక్షలవుతుంది. అంటే మొదటి ఈఎంఐ కట్టే రోజుకు మీ బాకీ 9 లక్షలు కాదు, 11.13 లక్షలు. మొత్తం ఖర్చు పందొమ్మిదిన్నర లక్షలకు చేరింది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 15,000 కట్టాలి.

ఈ 15,000 ఎక్కువా తక్కువా అన్నది వచ్చే జీతాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడే చాలామంది పిల్లలు పొరబడుతున్నారు. ఆ మధ్య నా దగ్గరికి ఓ తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయి మీలాగే లాజిస్టిక్స్ ఎంబీఏ పూర్తి చేశాడు. 6 లక్షల ప్యాకేజీ వచ్చిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మొదటి నెల జీతం పడ్డాక ఆఫర్ లెటర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. చివరి పేజీలో జీతం పట్టిక ఉంది. అందులో 72,000 వేరియబుల్ పే. ఏడాది చివర్లో, టార్గెట్ అందుకుంటేనే ఇస్తారు. కంపెనీ తరఫు పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ పేరిట 11,544. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 9,000. ఇవన్నీ ఆ 6 లక్షల్లోవే. మిగిలినదాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 40,488. అందులోంచి అతని వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చింది 38,488. ఆ తండ్రి కాగితాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశారు, వెనకవైపు ఇంకేమైనా రాసి ఉంటుందేమోనని. నాకు చాలా బాధనిపించింది. అబ్బాయిని ఎవరూ మోసం చేయలేదు. ఆ పేజీ ఎలా చదవాలో చేరేముందు చెప్పినవాళ్లూ ఎవరూ లేరు.

ఆ 38,500 మీకు వచ్చిందనుకోండి. ఈఎంఐ 15,000 పోతే మిగిలేది 23,500. ఈ రోజు మీ చేతికి వస్తున్నదానికన్నా 500 తక్కువ. ఇప్పుడు ఇంట్లో ఉండి అమ్మ చేతి వంట తింటున్నారు. అప్పుడు చెన్నైలోనో, ముంబయి దగ్గరి భివండీలోనో గది అద్దె కట్టుకుంటూ ఆ మాత్రంతో బతకాలి. ఇంటికి పంపే 10,000 ఎక్కణ్నుంచి వస్తుంది? ఎంబీఏ చేయకపోయినా అప్పటికి మీ జీతం ఇప్పుడున్నచోటే ఎంతో కొంత పెరిగి ఉంటుంది కదా, దాన్నీ మర్చిపోకండి.

ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదన్నది నేను పాటించే కొలత. 15,000 ఈఎంఐ మోయాలంటే చేతికి 45,000 రావాలి. పైన చెప్పిన పద్ధతిలోనే లెక్కిస్తే దానికి 7 లక్షల సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి లెక్కచూపే మొత్తం ప్యాకేజీ కావాలి. అందుకే ఆ సంస్థ వాళ్లను అత్యధిక ప్యాకేజీ ఎంతని అడగొద్దు. అది ఒక్కరికి వచ్చేది. సగటు కూడా వద్దు, ఒకరిద్దరికి పెద్ద జీతాలొస్తే సగటు పైకి లేస్తుంది. మధ్యస్థం, అంటే అందరి జీతాలూ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండే మీడియన్ ఎంతో అడగండి. కిందటి బ్యాచ్‌లో లాజిస్టిక్స్ వాళ్లు ఎంతమంది చేరారు, వారిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఏ హోదాలో వచ్చింది అన్నది రాతపూర్వకంగా ఇమ్మనండి. మీడియన్ 7 లక్షల దగ్గర లేకపోతే ఆ సీటు మీది కాదు. హోదా విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. వేర్‌హౌస్ ఎగ్జిక్యూటివ్, డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్ అని ఉంటే, ఎంబీఏ లేకుండా మీరు ఇప్పుడు చేస్తున్నది అలాంటి పనే.

ఈ రంగంలో అవకాశాలు లేక నేను ఇలా చెప్పడం లేదు. 2017 జులైలో జీఎస్టీ రాకముందు, అంతర్రాష్ట్ర అమ్మకంపై 2 శాతం కేంద్ర అమ్మకం పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికో గోడౌన్ పెట్టుకునేవి. ఆ అవసరం తీరాక చిన్న గోడౌన్లు మూసి, నగరాల శివార్లలో పెద్దపెద్ద గిడ్డంగులు కట్టుకున్నాయి. హైదరాబాద్‌లో మేడ్చల్, శంషాబాద్ వైపు వెళితే ఆ మార్పు కళ్లకు కనిపిస్తుంది. ఉద్యోగాలూ పెరిగాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం షిఫ్టుల్లో సరుకు లెక్కచూసే పనులే. డిమాండ్ అంచనా, సరుకు కొనుగోలు, రవాణా నెట్‌వర్క్ ప్లానింగ్ లాంటి బల్లలు తక్కువ, మంచి జీతాలు అక్కడే ఉంటాయి. ఆ బల్లల దగ్గరికి తీసుకెళ్లే కాలేజీలు కొన్నే. ముంబయిలో ఒకప్పటి ఎన్ఐటీఐఈ, 2023 నుంచి ఐఐఎం ముంబయి, ఆపరేషన్స్, సప్లయ్ చెయిన్‌లకు పేరున్నది. మీ ఊళ్లోనే ఐఐఎం విశాఖ ఉంది. అలాంటి చోట మెరిట్ మీద సీటు వస్తే ఇంతకు రెట్టింపు అప్పు చేసినా నేను కాదనను.

అందుకే, ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ ఒకసారి గట్టిగా రాయండి. ఏటా నవంబరు చివర్లో జరుగుతుంది. రోజుకు రెండు గంటలు, ఆదివారాలు పూర్తిగా కేటాయించండి. మంచి స్కోరు వచ్చి పేరున్న సంస్థలో సీటొస్తే పీఎం విద్యాలక్ష్మి పథకం మీకు ఉపయోగపడుతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. జాబితాలో ఉన్న సంస్థల్లో చేరినవారికి పూచీకత్తు, హామీదారు లేకుండా రుణమిస్తారు. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు రుణంపై గడువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అయితే మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు వర్తించదు. ఇప్పుడు మీకు ఇస్తామంటున్న సీటు ఏ కోటాలోదో, ఆ సంస్థ జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూడండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

క్యాట్ కలిసిరాకపోతే ఆన్‌లైన్ ఎంబీఏ. యూజీసీ అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. మీరు చేరే కోర్సు ఆ అనుమతి జాబితాలో ఉందో లేదో మాత్రం డబ్బు కట్టేముందే చూసుకోండి. 1.75 లక్షలను 24 నెలలకు పంచితే నెలకు 7,300. మీకు మిగిలే 8,000లో సరిపోతుంది, ఎఫ్‌డీ ముట్టుకోనక్కర్లేదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు, నిజమే. కానీ మీకు ఇప్పటికే మూడేళ్ల అనుభవం ఉంది. ఎగుమతికి కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు వేయడం, రీఫర్ (శీతల) కంటైనర్ ఆలస్యమైతే రోజుకెంత నష్టమో తెలిసుండడం, ఇవి తరగతి గదిలో ఎవరూ నేర్పరు. రెండేళ్ల తర్వాత ఐదేళ్ల అనుభవం, పక్కన ఎంబీఏ, నెత్తిన అప్పు సున్నా. ఆ రెజ్యూమె చేతిలో ఉన్నవాడు జీతం దగ్గర బేరమాడగలడు.

ఇంకో దారి మీ ఆఫీసులోనే ఉంది. మీకు జీ కార్డ్, అంటే బ్రోకర్ ఆఫీసు ఉద్యోగి పరీక్ష నెగ్గితే కస్టమ్స్ శాఖ ఇచ్చే కార్డు, ఉందో లేదో రాయలేదు. లేకపోతే ముందు ఆ పరీక్ష రాయండి. 2018 నాటి కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం, బ్రోకర్ లైసెన్సు పరీక్షకు డిగ్రీతోపాటు ఎంబీఏ లాంటి వృత్తి విద్యార్హత కావాలి, లేదా జీ కార్డ్‌తో రెండేళ్లు పని చేసి ఉండాలి. ఆ లైసెన్సు పరీక్ష నెగ్గి ఎఫ్ కార్డ్ సంపాదించినవాళ్లకు మన పోర్టు ఊళ్లో గిరాకీ ఎలా ఉంటుందో మీ యజమానినే అడగండి. 9 లక్షలు పెట్టి కొనే అర్హతను పని చేస్తూనే సంపాదించుకునే వీలు మీకుంది.

పన్ను ఆదా అవుతుందని రుణం వైపు ఎవరైనా నెడితే వినకండి. విద్యా రుణ వడ్డీకి ఎనిమిదేళ్లు మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో 2025–26 నుంచి 12.75 లక్షల జీతం వరకు ఎలాగూ పన్ను పడదు. లేని పన్నులో ఆదా ఏముంటుంది? ఎప్పుడైనా రుణం తీసుకుంటే మాత్రం చదివే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేయండి. పై ఉదాహరణలోనే ఈఎంఐ 15,000 నుంచి 12,150 దాకా తగ్గుతుంది. చాలా బ్యాంకులు అలా కట్టేవారికి వడ్డీలో 1 శాతం తగ్గిస్తాయి కూడా. రుణంతోపాటు అంటగట్టే సింగిల్ ప్రీమియం బీమా వద్దని చెప్పి, విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి.

ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దని ఎందుకంటున్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల మీద బతికే ఆఫీసుల్లో ఎంత టెన్షన్ పడ్డారో మీరు దగ్గర్నుంచి చూసే ఉంటారు. ఒకే సరుకు మీద ఆధారపడ్డ ఉద్యోగానికి ఆ 1.80 లక్షలే గొడుగు.

ఇక స్థలం. మీ నాన్నగారు ప్రేమతోనే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ అది అమ్మగారి పేరున ఉంది, మీ చెల్లి చదువు ఇంకా పూర్తికాలేదు. రేపు ఆమె పీజీ చదువుతానంటే ఇంట్లో చూపించడానికి ఏం మిగులుతుంది? అమ్మితే లాభంపై పన్ను వేరే. 2024 జులై 23కు ముందు కొన్నదైతే ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం, లేదా సర్దుబాటుతో 20 శాతం, ఏది తక్కువైతే అది కట్టాలి. మంచి సంస్థలో సీటొచ్చి, అది విద్యాలక్ష్మి జాబితాలో లేక, 7.5 లక్షలు దాటిన రుణానికి ఆస్తి హామీ తప్పనిసరని బ్యాంకు అంటే, అప్పుడు తనఖా గురించి అమ్మగారితో, చెల్లితో కూడా కూర్చుని మాట్లాడండి. అమ్మకం మాట అప్పుడు కూడా వద్దు.

ఆదివారంలోపు ఆ సంస్థ నుంచి ఫోన్ రాక మానదు. కిందటి బ్యాచ్ మీడియన్ జీతం, సీటు ఏ కోటాలోది, కట్టిన డబ్బు వెనక్కిచ్చే నిబంధన, ఈ మూడూ మెయిల్‌లో పంపమనండి. పంపిస్తే ఆ మెయిల్ నాకూ పంపండి, కలిసి చదువుదాం.