మందులే వాడని తమ్ముడికి రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ ఎలా?

గుంటూరులో చేయించిన సీబీనాట్‌లో (తెమడలో టీబీ క్రిమి జన్యువును వెతికే టెస్టు) మీ తమ్ముడికి రిఫాంపిసిన్ రెసిస్టెన్స్, అంటే ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగదని వచ్చింది, టీబీ మందులే ఎప్పుడూ వాడలేదు కదా అన్నారు. వాడక్కర్లేదండీ. అప్పటికే మొండికేసిన క్రిమి వేరొకరి దగ్గు నుంచి నేరుగా అంటుకోవచ్చు.

ఆ టెస్టు చూసేది క్రిమి ఆర్‌పీఓబీ జన్యువులోని 81 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను. అక్కడ ఒక్క అక్షరం మారినా మందు పట్టు జారిపోవచ్చు. ఆ మార్పును మందు పుట్టించదు, తనంతట వస్తుంది. కోర్సు సరిగ్గా సాగకపోతే అలాంటి క్రిములే మిగిలి పెరుగుతాయి.

క్రిములు మరీ తక్కువగా ఉన్న తెమడలో ఫలితం ఒక్కోసారి తప్పుగా వస్తుంది. కొత్త పేషంటు కాబట్టి మళ్లీ చేయమని అడగండి. మరో ముఖ్యమైన టీబీ మందు ఐసోనియాజిడ్ పనిచేస్తుందా లేదా అన్నది ఇందులో తెలియదు, దానికి ఎల్‌పీఏ అనే మరో జన్యు పరీక్ష కావాలి. క్రిమి క్యాట్‌జీ జన్యువులో మార్పుంటే ఆ మందు దాదాపు దండగే. ఇన్‌హెచ్‌ఏ అనే జన్యువులో మాత్రమే ఉంటే డాక్టరు డోసు పెంచి వాడొచ్చు. టెన్షన్ పడి మామూలు టీబీ మాత్రలు బయట కొని మొదలుపెట్టకండి. ఇంట్లో వాళ్లందరికీ పరీక్షలు చేయించండి.