గప్పీ పిల్లలు మర్నాటికే మాయమవుతున్నాయి

ప్రశ్న: పూలు, కూరగాయలు సాగు చేస్తాం. ఇంట్లో మూడడుగుల మొక్కల అక్వేరియంలో ఆరు మగ, నాలుగు ఆడ గప్పీలున్నాయి. మొక్కలన్నీ అడుగున గడ్డిలా పరుచుకునే రకాలే. నెలనెలా పిల్లలు పెడుతున్నాయి, మర్నాటికి రెండు మూడు మించి మిగలడం లేదు. బ్రీడింగ్ బాక్సులో (ఈనే చేపను విడిగా ఉంచే చిన్న పెట్టె) వేసిన ఆడచేప చనిపోయింది. పిల్లలను పెంచి విశాఖలోని షాపులకు అమ్మాలనుకుంటున్నాను. ఏం చేయాలి?
– ఒక రైతు, ఆనందపురం, విశాఖపట్నం

జవాబు: నెలనెలా పిల్లలు పెడుతున్నాయంటే మీ నీళ్లకు పెద్ద లోపం లేనట్టే. పిల్లలను తింటున్నది పెద్ద గప్పీలే. నోట్లో పట్టేది ఏది కదిలినా తినేస్తాయి, తన పిల్లా పరాయి పిల్లా అనే తేడా ఉండదు.

పుట్టిన పిల్ల సెంటీమీటరు కూడా ఉండదు. కాసేపటికే చాలావరకు పైనీటికి చేరతాయి. మీ మొక్కలేమో అడుగున ఉన్నాయి, అంటే దాక్కోవాల్సిన చోట ఏమీ లేదు. జావా మాస్ (నాచులాంటి నీటి మొక్క), హైడ్రిల్లా కట్టలు కట్టకుండా వదులుగా పైన తేలేలా వేయండి. అంతరతామర అయితే ఇంకా మంచిది, దాని వేళ్ల గుబురులోకి పెద్ద చేప దూరలేదు. తొట్టి పైభాగంలో మూడో వంతు ఇలా దట్టంగా ఉంటే చాలు. ఫిల్టరు నీళ్లు లాగే చోట స్పాంజి తొడగండి, పిల్లలు అందులోకి కూడా పోతుంటాయి.

బ్రీడింగ్ బాక్సును నేను సిఫారసు చేయను. ఇరుకులో ఆడచేప బెదిరిపోతుంది. ఈనే ముందు పొట్ట చతురస్రంగా, తోక దగ్గరి మచ్చ నల్లగా కనిపిస్తాయి. అప్పటిదాకా ఆగకుండా వారం ముందే మాస్ నింపిన 20 లీటర్ల టబ్బులోకి మార్చండి. ఈనగానే తల్లిని వెనక్కి తెచ్చేయాలి. ఇంకో మాట, ఆరు మగచేపలు నాలుగు ఆడచేపల వెంట పడుతుంటే వాటికి ఊపిరి సలపదు. ఒక మగకు రెండు మూడు ఆడ చేపల చొప్పున ఉంచండి. మగచేపలను పూర్తిగా తీసేసినా ఆడచేప కొన్ని నెలలు పిల్లలు పెడుతూనే ఉంటుంది. ఒకసారి జతకడితే ఆ వీర్యాన్ని లోపలే దాచుకుంటుంది కాబట్టి షాపులో కొన్న ఆడచేప పిల్లల తండ్రి ఎవరో మీకు తెలియదు.

మేత దగ్గరే అసలు లాభనష్టాలు. ఉడికించిన గుడ్డు సొన నీళ్లను పాడు చేస్తుంది, ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలను మించింది లేదు. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో ఇదే వాడతారు, కాబట్టి ఆర్టీమియా గుడ్లు దొరకడం మీకు కష్టం కాదు. లీటరు నీటికి 25 గ్రాముల గళ్లుప్పు వేసి, వెలుతురులో గాలి పంపు పెడితే దాదాపు 24 గంటల్లో పొదుగుతాయి. పంపు ఆపి, పెంకులు పైకి తేలాక కింది నీళ్లను గుడ్డతో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. మొదటి నెల రోజుకు నాలుగైదుసార్లు, కొంచెం కొంచెంగా. వారానికి రెండుసార్లు నాలుగో వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి ఉంచాలి.

మీరు తోటలో మందు కొడతారు కాబట్టి ఇది మరీ ముఖ్యం: పైరెథ్రాయిడ్ రకం పురుగుమందులు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. ఆ బకెట్టు, ఆ చేతులు తొట్టి దగ్గరకు రాకూడదు. దోమల స్ప్రే కూడా అంతే.

మూడు నాలుగు వారాలకే మగపిల్లల కింది రెక్క సన్నటి పుల్లలా మారుతుంది. అప్పుడే వేరు చేయకపోతే అన్నాచెల్లెళ్లు జతకడతాయి, తరాలు గడిచేకొద్దీ గూని చేపలు పెరుగుతాయి. షాపువాళ్లు వాటిని తీసుకోరు. అప్పుడప్పుడు బయటి మగచేపను తెచ్చి కలపండి. మగచేపలకు రంగు బాగా తేలాకే అమ్మండి, తొందరపడితే ధర రాదు. అమ్ముడుపోనివి గెడ్డలో, చెరువులో వదలకండి. పెరట్లో నీటి తొట్టి ఉంటే అందులో వేయండి, దోమ లార్వాలను తినేస్తాయి.