టెక్ సందేహాలు: అందరి మొబైల్ నంబరూ 2147483647 ఎందుకైంది?

ప్రశ్న: మధురవాడలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి తెలిసిన కుర్రాడితో వెబ్‌సైట్ చేయించాం. ఓనర్లందరి మొబైల్ నంబరూ 2147483647 అని చూపిస్తోంది. సరిచేశానన్నాడు, ఇప్పుడు కొత్తవాళ్లకి 4294967295 వస్తోంది. లాగిన్ కూడా ఫోన్ నంబరుతోనే. ఓటీపీలు రావట్లేదని ప్రస్తుతానికి ఓటీపీ తీసేశాం. వైరస్ అంటారా?

జవాబు: వైరస్ కాదండీ, బద్ధకం. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లవాళ్లూ ఇదే అడుగుతారు, గాజువాక జిమ్‌వాళ్లూ ఇదే అడుగుతారు.

మీ కుర్రాడు ఫోన్ నంబరు గడిని 32 బిట్ల సంఖ్యగా పెట్టాడు. బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చోటు. ఆ 32లో ప్లస్, మైనస్ గుర్తుకి ఒకటి పోతే మిగిలిన 31తో రాయగల అతి పెద్ద సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. ఒక్కటీ అందులో పట్టదు. కొన్ని డేటాబేస్‌లు పాత సెట్టింగుల్లో ఆ మాట చెప్పకుండా, హద్దు దగ్గరి సంఖ్యే రాసేసి ఊరుకుంటాయి. తర్వాత ఆ గుర్తు తీసేశాడు, హద్దు 4294967295కి పెరిగింది. అదీ చాలదని తెలుసుకోడానికి కాగితం, పెన్నూ కూడా అక్కర్లేదు.

సంఖ్యల తప్పేం లేదు పాపం. మొదటిది ప్రధాన సంఖ్య. 2ని 2తో గుణిస్తూ పోయి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు, వాటిలో ఎనిమిదోది. 1772 నాటికే గణితవేత్త ఆయిలర్ తేల్చేశాడు. రెండోది 3, 5, 17, 257, 65537ల లబ్ధం. 2ని 2తో గుణిస్తూ పోయి 1 కలిపితే వచ్చే ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఇప్పటిదాకా తెలిసినవి ఆ ఐదే. అందుకే 4294967295 భుజాలున్న క్రమ బహుభుజిని స్కేలూ వృత్తలేఖినితో గీయొచ్చు. తీరికుంటే!

నా భయమల్లా మీరు తీసేసిన ఓటీపీ గురించి. లాగిన్ గడిలో 2147483647 కొట్టినవాడు మీ జాబితాలో ఎవరో ఒక ఓనరుగా లోపలికి వెళ్లిపోతాడు. ఆ సంఖ్య రహస్యమా? ప్రోగ్రామింగ్ నేర్చుకున్న పిల్లలందరికీ కంఠతా. లోపల ఆధార్ కాపీలు, అద్దె అగ్రిమెంట్లు పెట్టారేమో చూసుకోండి. అసలు ఆధార్ కాపీతో సంఘానికేం పని? ముందు ఈ రాత్రికే సైటు ఆపించండి.

తర్వాత ఫోన్ నంబరు గడిని టెక్స్ట్‌గా మార్పించండి. రెండు ఫోన్ నంబర్లని ఎవరైనా కూడతారా? సంఖ్యగా పెడితే మన విశాఖ ఎస్టీడీ కోడ్ 0891లో ముందు సున్నా కూడా ఎగిరిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో 16 అంకెల ఖాతా నంబరుకి చివరి అంకె సున్నా అయ్యేదీ ఈ జబ్బుతోనే. పోయిన నంబర్లు బ్యాకప్‌లోనూ ఉండవు. కాగితం ఫారాలు లేకపోతే ఇంటింటికీ తిరగాల్సిందే.

ఎలాగూ ఈ సంఖ్య గొడవ వచ్చింది కాబట్టి, గేటు దగ్గరి సీసీ కెమెరా బాక్సు సంగతీ చూడండి. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత తరహా గడియారాలు మన టైము ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి ఇదే 2147483647 దగ్గర నిండిపోయి, 1901 డిసెంబరుకి దూకుతాయి. కొత్త బాక్సు కొనేముందు తేదీ 2040 పెట్టి చూడండి. ఆ తేదీ తీసుకోకపోతే బాక్సుని కొట్లోనే వదిలేసి రండి.